పేర్లిచ్చింది పాతికమంది, వచ్చింది ఏడుగురు: ఇంజనీర్స్ డే వర్క్‌షాప్‌కి వాలంటీర్లు, కిట్లు, లెక్కలు

ప్రశ్న క్లుప్తంగా ఇది: గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మూడో సంవత్సరం. డిపార్ట్‌మెంట్ స్టూడెంట్ సొసైటీకి ఈ ఏడాది కన్వీనర్. సెప్టెంబర్ 15 ఇంజనీర్స్ డేకి 60 మందితో రెండు రోజుల లైన్ ఫాలోయర్ రోబో (నేల మీది గీతని పట్టుకుని నడిచే చిన్న బండి) వర్క్‌షాప్, అదే నెలలో పక్క ఊరి ప్రభుత్వ హైస్కూల్లో ఒక పూట సైన్స్ కార్యక్రమం పెట్టాలనుకుంటున్నారు. పోయినసారి 25 మంది వాలంటీర్లుగా పేర్లిచ్చి ఏడుగురే వచ్చారు. ఈసారి అలా జరగకూడదంటే ఏం చేయాలి, సామాన్ల లెక్క ఎలా వేసుకోవాలి అని అడిగారు.

ముందు ఆ పద్దెనిమిది మంది సంగతి చూద్దాం. చాలా కాలేజీల్లో జరిగేదేమిటంటే, పేరిచ్చిన వాళ్ళకి వాట్సాప్ గ్రూపులో 'పొద్దున తొమ్మిదికి సెమినార్ హాల్ దగ్గరికి రండి' అని ఒక్క మెసేజ్ వెళ్తుంది. వచ్చిన ఫస్టియర్ పిల్లలు గోడకానుకుని నిలబడతారు. నలుగురు సీనియర్లు మాత్రం చెమటలు కక్కుతూ తిరుగుతుంటారు. వాళ్ళని ఆపి 'ఏం చెయ్యాలన్నా?' అని అడగడానికి కూడా మొహమాటం. మధ్యాహ్నం దాకా అలా ఊరికే నిలబడ్డ పిల్లాడు రెండో రోజు రాడు, వాడి రూమ్మేట్ అసలే రాడు. పని ఎక్కువై మానేసేవాళ్ళు తక్కువ, పని లేక మానేసేవాళ్ళే ఎక్కువ. అందుకని వాలంటీర్లు కావాలని పోస్టర్ పెట్టేముందే పనులన్నీ కాగితం మీద రాసుకోండి. మనుషుల సంఖ్య ఆ కాగితమే చెబుతుంది.

60 మందికి, ఇద్దరికో కిట్టు లెక్కన 30 కిట్లు. ల్యాబ్‌లో ఐదు కిట్లకి ఒకరు చొప్పున ఆరుగురు ఉండాలి. ఒక్కరికి పది కిట్లు అప్పగిస్తే, ఒక బల్ల దగ్గర పది నిమిషాలు ఆగేసరికి మిగతా తొమ్మిదీ ఆగిపోతాయి. రిజిస్ట్రేషన్ బల్లకి ముగ్గురు, స్టోర్స్‌కి ఇద్దరు, బ్యాటరీలూ కరెంటూ చూడ్డానికి ఇద్దరు, భోజనం నీళ్ళకి ముగ్గురు, ఫొటోలకి ఒకరు, సర్టిఫికెట్లకి ఇద్దరు. వీళ్ళు కాక ఏ పనీ అప్పగించకుండా ఇద్దరిని ఉంచుకోవాలి. అతిథి కారు గేటు దగ్గర ఆగిపోయినా, ఎవరికైనా కళ్ళు తిరిగినా వెళ్ళేది వీళ్ళే. మొత్తం 21. మీ దగ్గర 25 పేర్లున్నాయి కాబట్టి మిగిలిన నలుగురు పూట బదిలీలకి సరిపోతారు. ఎవరికీ ఒక్కసారి మూడు గంటలకి మించి డ్యూటీ వేయకండి.

ముందురోజు సాయంత్రం ప్రతి ఒక్కరికీ విడిగా, పేరుతో చీటీ వెళ్ళాలి. గ్రూపు మెసేజ్ సరిపోదు. చీటీ ఇలా ఉండాలి: 'రేపు ఉదయం 9:15కి ఈసీఈ బ్లాక్ రెండో అంతస్తు ల్యాబ్‌కి రావాలి. 11 నుంచి 15 వరకు కిట్ల బల్లలు నీవి. టీ 10:45కి. నీ డ్యూటీ 12:15కి అయిపోతుంది, వెంటనే భోజనానికి వెళ్ళు. ఏదైనా ఆగితే స్టోర్స్‌లో ఉన్న అక్కకి ఫోన్ చెయ్యి.' ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, ఎప్పటిదాకా, ఎవరిని అడగాలి అన్న ఐదూ అందులో ఉండాలి. పనికి ఒకే పేరు ఉండాలి. 'నువ్వూ వాడూ చూసుకోండి' అన్న పని ఎవరూ చూసుకోరు.

అటెండెన్స్ మాట ముందే తేల్చుకోండి. 75 శాతం అంచున ఉన్న పిల్లలు మీ కార్యక్రమం కోసం క్లాసు వదులుకోరు, వదులుకోమని అడగకూడదు కూడా. వాలంటీర్ల పేర్లు, రోల్ నంబర్లు, ఏ ఏ పీరియడ్లు పోతాయో రాసి హెచ్‌ఓడీ సంతకంతో లెటరు వారం ముందే క్లాస్ టీచర్లకి అందాలి. కార్యక్రమం అయ్యాక తిరిగే లెటరు సగం మందికి పనిచేయదు. డే స్కాలర్లకి కాలేజీ బస్సే గడియారం. బస్సు కదిలే వేళకి 20 నిమిషాల ముందే వాళ్ళని వదిలేయండి. సాయంత్రం సర్దుడు పని హాస్టల్ వాళ్ళకి పెట్టండి. గర్ల్స్ హాస్టల్ గేటు వేళ దాటేలా ఉంటే వార్డెన్‌కి రాతపూర్వకంగా ముందే చెప్పాలి.

తేదీ విషయంలో రెండు జాగ్రత్తలు. సెప్టెంబర్ 15 ఇంజనీర్ విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు కనుక అది మారదు. కానీ వినాయక చవితి కొన్నేళ్ళు సరిగ్గా దాని పక్కనే పడుతుంది, మొదటి మిడ్ పరీక్షలు కూడా ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. అలాంటప్పుడు 15న ఒక సభ మాత్రం పెట్టి వర్క్‌షాప్‌ని తర్వాతి వారానికి జరపడమే మంచిది. విజయవాడ నుంచి ఎవరినైనా పిలుస్తుంటే, లేదా అక్కడ కొనుగోళ్ళుంటే, దసరా నవరాత్రుల్లోకి వెళ్ళకుండా చూసుకోండి. ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్ళిస్తారు, అరగంట పని సగం రోజు తింటుంది.

ఇక కిట్లు. వర్క్‌షాప్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక కిట్టులో ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రాం ఎక్కించేది), ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ (బోర్డు చెప్పినట్టు మోటార్లకి కరెంటు ఇచ్చేది), రెండు బీఓ మోటార్లు (చిన్న గేరు మోటార్లు) చక్రాలతో, ఎటైనా తిరిగే ఒక క్యాస్టర్ చక్రం, రెండు ఐఆర్ సెన్సర్ మాడ్యూళ్ళు (ఇన్‌ఫ్రారెడ్‌తో గీతని గుర్తించేవి), రెండు 18650 సెల్స్ (మళ్ళీ చార్జి చేసుకునే లిథియం సెల్స్) హోల్డర్‌తో, ఇవన్నీ బిగించే ఛాసిస్, జంపర్ వైర్లు, యూఎస్‌బీ కేబుల్ ఉంటాయి. 30 కావాలంటే 33 కొనండి. విడిగా ఇంకో ఆరు మోటార్లు, పది ఐఆర్ మాడ్యూళ్ళు, నాలుగు డ్రైవర్లు, 14 సెల్స్ ఉంచుకోండి. పోయేవి ఇవే. విజయవాడ గవర్నర్‌పేట వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఒకటీ రెండూ ఎప్పుడైనా దొరుకుతాయి గానీ 33 ఒకేసారి ఉండకపోవచ్చు. రెండు వారాల ముందే చెప్పి తెప్పించుకోండి. ఛాసిస్ రేకుతో చేయించాలనుకుంటే ఆటోనగర్‌లో ఒక నమూనా ఇచ్చి కట్ చేయించుకోవచ్చు. ఒక్కటి పూర్తిగా బిగించి చూశాకే మిగతా 32కి మాట ఇవ్వండి. మోటారు బోల్టు రంధ్రం రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయినా అన్నీ వృథా.

డబ్బు ఆదా అని 9 వోల్టుల దీర్ఘచతురస్రపు బ్యాటరీ మాత్రం కొనకండి. అది రేడియోకి, మల్టీమీటర్‌కి పనికొస్తుంది. రెండు మోటార్లు ఒకేసారి లాగే కరెంటు ఇవ్వలేదు. మోటారు కదలగానే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. పిల్లలు ప్రోగ్రాం తప్పనుకుని గంటసేపు కోడ్ మారుస్తూ కూర్చుంటారు. రెండు 18650 సెల్స్ వరసగా కలిపితే నామమాత్రంగా 7.4 వోల్టులు, నిండుగా చార్జి ఉంటే 8.4. ఎల్298ఎన్ తనలోనే సుమారు రెండు వోల్టులు మింగేస్తుంది కనుక మోటారుకి ఐదున్నర, ఆరు వోల్టులు చేరతాయి. బీఓ మోటారుకి అది సరిపోతుంది.

మోటార్లకి వైర్లు ముందే టంకం పెట్టి ఉంచాలి. మోటారు ట్యాగులు చాలా పలచన, వైరు రెండుసార్లు వంగితే ట్యాగే ఊడి వస్తుంది. 66 మోటార్లకి 132 టంకాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలనుకున్నా ఒక్కరికి నాలుగున్నర గంటల పని, నాలుగు సోల్డరింగ్ ఐరన్లుంటే గంటా పది నిమిషాలు. టంకం పడ్డాక వైరుని జిప్ టైతో మోటారు ఒంటికి బిగించండి, లాగుడు టంకం మీద పడదు. ఫస్టియర్ వాలంటీర్లకి ఇంతకంటే మంచి మొదటి పని లేదు. ఒక సాయంత్రం నలుగురు బల్ల చుట్టూ కూర్చుని చేస్తారు, చేతికి విద్య వస్తుంది, వాళ్ళు టంకం పెట్టిన మోటారు పరిగెత్తడం చూడ్డానికి తప్పకుండా వస్తారు.

ల్యాబ్‌లో ఉండే ఆరుగురు వారం ముందు ఒక్కో కిట్టు మొదటి నుంచి చివరిదాకా స్వయంగా బిగించి నడిపించాలి. ఈ నియమంలో సడలింపు వద్దు. వాళ్ళకి చేత్తో తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. కంప్యూటర్‌కి బోర్డు కనిపించకపోతే మొదట కేబుల్ మార్చాలి. ఫోన్ చార్జర్లతో వచ్చే కేబుళ్ళలో కొన్నిటికి డేటా వైర్లే ఉండవు. కేబుల్ బాగుంటే కంప్యూటర్‌లో సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్పు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేదేమో చూడాలి, చవక బోర్డుల్లో ఉండేది ఆ చిప్పే. అప్‌లోడ్ చేస్తుంటే 'నాట్ ఇన్ సింక్' అని వస్తే 0, 1 పిన్నుల్లో ఎవరైనా వైరు గుచ్చారేమో చూడాలి. ఆ రెండు పిన్నులు యూఎస్‌బీతో మాట్లాడేవి. చక్రం వెనక్కి తిరుగుతుంటే ఆ మోటారు రెండు వైర్లూ అటూ ఇటూ మారిస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు గ్రౌండ్ కలపకపోవడం. బ్యాటరీ మైనస్, డ్రైవర్ గ్రౌండ్, ఆర్డుయినో గ్రౌండ్ మూడూ ఒక్కచోట కలవాలి. కలవకపోతే బోర్డు లైటు వెలుగుతూనే ఉంటుంది, ప్రోగ్రాం ఎక్కుతూనే ఉంటుంది, మోటార్లు మాత్రం వణుకుతాయి లేదా ఊరుకుంటాయి. లైటు వెలుగుతోంది కదా అని ఎవరికీ దాని మీద అనుమానం రాదు. ఆ మూడు చోట్లకీ నల్ల వైర్లే వాడాలని మొదటి పది నిమిషాల్లో చెప్పేస్తే సగం బల్లలు గట్టెక్కుతాయి.

ట్రాక్ తెల్లటి ఫ్లెక్స్ మీద నల్ల ఇన్సులేషన్ టేపుతో వేయండి. టేపు వెడల్పు 18 మిల్లీమీటర్లు. సెన్సర్లు రెండూ టేపుకి చెరోవైపు, మధ్య దూరం 30 నుంచి 35 మిల్లీమీటర్లు, నేల నుంచి ఎత్తు 5 నుంచి 10 ఉండాలి. మలుపు వ్యాసార్ధం 15 సెంటీమీటర్లకి తగ్గించకండి. మాడ్యూల్ మీద చిన్న స్క్రూ తిప్పుతూ, తెలుపు మీద లైటు వెలిగేలా, నలుపు మీద ఆరేలా సరిచేయాలి. ఈ పని ట్రాక్ ఉన్న చోటే చేయించండి. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. బల్ల దగ్గర సరిగ్గా పనిచేసిన సెన్సర్ కిటికీ పక్కన పరిచిన ట్రాక్ మీదకి రాగానే అంతా తెలుపే అనుకుంటుంది. కర్టెన్లు మూసే పని కూడా ఎవరో ఒకరి చీటీలో రాయండి.

సెల్స్ చార్జింగ్ ఆఖరి రాత్రి అయ్యే పని కాదు. కిట్లలో 66, విడిగా 14, మొత్తం 80 సెల్స్, నాలుగు గూళ్ళ చార్జర్లు నాలుగు ఉన్నాయనుకుంటే ఒక్కసారికి 16, మొత్తం ఐదు విడతలు. 2000 ఎంఏహెచ్ సెల్‌కి 500 మిల్లీఆంప్స్ చార్జర్ మీద నాలుగు గంటలు పైనే పడుతుంది, ఐదు అనుకోండి. అంటే 25 గంటలు. రాత్రి ఎవరూ లేని గదిలో లిథియం సెల్స్ చార్జింగ్‌లో వదలకూడదు కనుక పగలే చేయాలి. సోమవారం వర్క్‌షాప్ అయితే గురువారం పొద్దున మొదలుపెట్టాలి. పక్కన పొడి ఇసుక బకెట్ ఉండాలి. ప్లాస్టిక్ తొడుగు చిరిగిన సెల్, మీటరులో రెండున్నర వోల్టుల కంటే తక్కువ చూపించే సెల్ పక్కన పెట్టేయండి, బతికించే ప్రయత్నం వద్దు. హోల్డర్‌లో ప్లస్ వైపు ఎర్ర మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఒక సెల్ తిరగేసి పెడితే బోర్డుకి కరెంటు రాదు. కానీ హోల్డర్ వైర్లే తారుమారుగా బిగిస్తే డ్రైవర్ కాలిపోతుంది.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. 30 ల్యాప్‌టాప్‌లు, ఒక్కోటి 65 వాట్లు అంటే 1950 వాట్లు, 230 వోల్టుల దగ్గర ఎనిమిదిన్నర ఆంపియర్లు. మామూలు 6 ఆంప్స్ ప్లగ్గు మీద ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో బాక్సు తగిలిస్తూ పోతే ప్లగ్గు దగ్గర వేడెక్కి వాసన వస్తుంది. పదేసి ల్యాప్‌టాప్‌లకి ఒక లైను చొప్పున మూడు వేరువేరు లైన్ల నుంచి తీసుకోండి, ఏ ప్లగ్గు ఏ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి) మీద ఉందో ల్యాబ్ అసిస్టెంట్ గారిని ముందే అడగండి. వైఫై మీద అరవై మంది ఒకేసారి సాఫ్ట్‌వేర్ దించుకోలేరు. ఆర్డుయినో ఐడీఈ (ప్రోగ్రాం రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్), సీహెచ్340 డ్రైవర్ ఆరు పెన్‌డ్రైవుల్లో వేసి పెట్టండి.

భోజనాలకి 60 మంది, వాలంటీర్లు 25, మాస్టార్లూ అతిథులూ నలుగురు, మొత్తం 89. ప్యాకెట్లు 95 చెప్పండి. సెప్టెంబర్ ఉక్కపోతలో మనిషికి రోజుకి రెండున్నర లీటర్ల నీళ్ళు లెక్కేసుకుంటే 20 లీటర్ల క్యాన్లు 12. టీ 80 మిల్లీలీటర్ల కప్పు లెక్కన పూటకి ఏడు లీటర్లు పైనే. వాలంటీర్ల ప్యాకెట్లు ముందే తీసి పక్కన పెట్టండి. అందరూ తిన్నాక మిగిలింది తినమంటే ఆ పిల్లలకి ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి.

డబ్బుల గురించి ఒక్క మాట. రిజిస్ట్రేషన్ ఫీజు విద్యార్థి సొంత ఖాతాలోకి తీసుకోకండి, కాలేజీ లేదా ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ చెప్పిన ఖాతాకే వెళ్ళాలి. స్క్రీన్‌షాట్ చూసి టిక్కు పెట్టకుండా 12 అంకెల యూటీఆర్ నంబర్ (ప్రతి చెల్లింపుకీ వేరుగా ఉండేది) రాయించుకుని ఖాతా స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. సర్టిఫికెట్ పేరు 'పదో తరగతి మెమోలో ఉన్నట్టు' రాయమని ఫారంలోనే అడగండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవతో మళ్ళీ ప్రింటు వేయించే ఖర్చు తప్పుతుంది.

స్కూల్ కార్యక్రమానికి హెడ్ మాస్టారిని కలిసి తేదీ అడగడంతో మొదలుపెట్టండి. పై అధికారుల అనుమతి కావాలా అన్నది ఆయనే చెబుతారు. 40 మంది తరగతికి ఐదుగురేసి ఎనిమిది జట్లు, రెండు జట్లకి ఒక వాలంటీర్, మాట్లాడేవాళ్ళు ఒకరు, సామాన్లకి ఒకరు, మొత్తం ఆరుగురు. పాతికమందిని బస్సెక్కించుకుని వెళ్ళకండి. పీరియడ్ 45 నిమిషాలే కాబట్టి ప్రయోగాలు రెండు చాలు. స్లైడ్లు అక్కర్లేదు. చెప్పేది తెలుగులో చెప్పండి.

మొదటిది విద్యుదయస్కాంతం. ఇనుప మేకు, 26 గేజి ఎనామిల్ పూత రాగి తీగ 100 చుట్లు, ఒక పెన్సిల్ సెల్. తీగ రెండు మీటర్లు పైన పడుతుంది, కొసలు వదిలి రెండున్నర ఇవ్వండి. పనిచేయలేదంటే నూటికి తొంభై సార్లు తీగ కొసల మీద ఎనామిల్ గీకలేదన్నమాటే. గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్దించండి. తీగ నిరోధం అర ఓమ్ కూడా ఉండదు, సెల్ దాదాపు షార్ట్ అయినట్టే లెక్క. పది సెకన్లకి మించి పట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది, ఆ మాట ముందే చెప్పండి.

రెండోదిగా బ్యారేజీ గేటు నమూనా చూపించమంటాను, ఎందుకంటే ఆ పిల్లల్లో చాలామంది ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్ళినవాళ్ళే, గేటు ఎలా లేస్తుందో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. చెక్క ఫ్రేములో జారే ప్లైవుడ్ పలక, దానికి నట్లు బిగించి బరువు 500 గ్రాములు చేయండి. పైన రెండు చిన్న కప్పీలు, దారం, అవతలి కొసకి అర లీటరు సీసాలో 450 గ్రాముల ఇసుక. ఇప్పుడు ఒక పాపని పిలిచి ఒక్క వేలితో దారం లాగమనండి, గేటు లేస్తుంది. తర్వాత ఇసుక సీసా తీసేసి మళ్ళీ లాగమనండి. ఆ తేడా వేలికి తెలుస్తుంది. అవతల వేలాడే ఆ సీసానే కౌంటర్‌వెయిట్ అని అప్పుడు చెప్పండి. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కొట్టుకొచ్చిన పడవలు తగిలి దెబ్బతిన్నవి బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్ దిమ్మలే. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, దాని తర్వాత 1957లో వచ్చిన ఇప్పటి బ్యారేజీ, పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యాంలో విశ్వేశ్వరయ్య 1903లో పెట్టించిన ఆటోమేటిక్ గేట్లు, ఇవన్నీ ఆ దారం చేతిలో ఉండగా చెబితే వింటారు. గేటు నమూనా, తీగలు, సెల్స్ స్కూల్లోనే వదిలి రండి. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు హెడ్ మాస్టారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

వరద మాట వచ్చింది కనుక ఒకటి. అలాంటి రోజుల్లో సొసైటీ పేరుతో పిల్లలు నీళ్ళలోకి దిగడం వద్దు. నీట మునిగిన వీధిలో తెరిచి ఉన్న మ్యాన్‌హోల్, తెగిన కరెంటు తీగ కనిపించవు. కాలేజీ ద్వారా అధికారులకి పేర్లిచ్చి ప్యాకింగ్, జాబితాలు రాయడం, నీళ్ళు తీశాక స్కూళ్ళ శుభ్రత లాంటి పనులు అడగండి.

రెండో రోజు సాయంత్రం ఎవరూ కదలకముందే స్టోర్స్ వాళ్ళు 33 కిట్లూ నంబరు ప్రకారం తీసుకోవాలి. హోల్డర్లలోంచి సెల్స్ తీసేసి విడి డబ్బాలో పెట్టాలి. చెడిపోయినవాటికి ఎర్ర టేపు చుట్టి, ఏం పోయిందో దాని మీదే రాయాలి. మూడు రోజుల్లోపు బిల్లులు, చీటీల నకళ్ళు, ఎన్ని సెల్స్ పోయాయి, ఎన్ని క్యాన్లు మిగిలాయి, ఎవరు ఏ పని చేశారు అన్నవి ఒక ఫైల్లో పెట్టండి. ఆ ఫైలు రాసే పని టంకం బల్ల దగ్గర కూర్చున్న ఫస్టియర్ పిల్లల్లో ఇద్దరికి ఇవ్వండి, వచ్చే ఆగస్టులో ఈ లెక్కలన్నీ వేయాల్సింది వాళ్ళే.